ఫీజు లేని దేశం కాదు.. భూమి మిగిలే దేశం చూడాలె

డిగ్రీ ఆఖరి సెమిస్టర్‌కు రాంగనే ఊర్లల్ల ఒకటే ముచ్చట నడుస్తది. ‘ఏ దేశం పోతున్నవ్ బిడ్డా?’ అని. ఇదివరకు అమెరికా ఒక్కటే పేరు వినిపించేది. ఇప్పుడు జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్, ఐర్లాండ్ అని కొత్త పేర్లు వినిపిస్తున్నయ్. ఫోన్ తెరిస్తే ‘ఫీజు లేదు, ఫ్రీగ చదువుకోవచ్చు’ అనే రీల్స్ ఒకదాని ఎనుక ఒకటి వస్తున్నయ్. జిల్లా కేంద్రాలల్ల సుత కన్సల్టెన్సీ బోర్డులు వెలిసినయ్.

పోవుడు తప్పు కాదు. ఊరి పిల్లలు బయటి దేశంల చదువుకుంటే ఇంటికీ, ఊరికీ మంచిదే. కానీ చాలామంది అడుగుతున్న ప్రశ్నే తప్పు. ‘ఏ దేశంల ఫీజు తక్కువ?’ అని అడుగుతున్నరు. అడగాల్సింది వేరే ఉన్నది. ‘విమానం ఎక్కకముందు మా ఇంట్లకెళ్లి ఎంత పోతది? అనుకున్నట్టు కాకపోతే అండ్ల ఎంత వాపస్ వస్తది?’ ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికినంకనే దేశం పేరు ఎత్తాలె. ఎందుకంటే నెల జీతం వచ్చే ఇంట్ల లెక్క తప్పితే కొన్నేండ్ల పొదుపు పోతది. మూడెకరాల రైతు ఇంట్ల లెక్క తప్పితే భూమే పోతది.

నాలుగు లెక్కలు ఒక్క కాయితం మీద

ఏ దేశమైనా సరే, ఒక కాయితం తీస్కొని నాలుగు గీతలు కొట్టాలె.

ఒకటి, పోయే పైసలు. ఇంగ్లిష్ పరీక్ష, అప్లికేషన్ ఫీజు, సర్టిఫికెట్ల తనిఖీ, వీసా ఫీజు. సీటు రాకపోయినా, వీసా రాకపోయినా ఇవి తిరిగి రావు.

రెండు, ఆగే పైసలు. ‘నాకు బతికే స్థోమత ఉన్నది’ అని చూపెట్టనీకి బ్యాంకుల పెట్టే సొమ్ము. ఇది మనదే. కానీ చేతికి అందదు.

మూడు, కరిగే పైసలు. ట్యూషన్ ఫీజు, అద్దె, తిండి, ఇన్సూరెన్స్. కోర్సు అయిపోయేదాంక మొత్తం ఎంతనో రాయాలె, మొదటి ఏడాది ఒక్కటే రాస్తే సరిపోదు.

నాలుగు, కిస్తు. అప్పు తెస్తే నెలకు ఎంత కట్టాలె?

ఈ నాలుగోది చాలామంది ముందుగల చూస్కోరు. 11 శాతం మిత్తికి 40 లక్షలు తెచ్చి పదేండ్లల్ల తీర్చాలంటే నెలకు 55 వేల కిస్తు పడుతది. అదే 15 లక్షలయితే 20 వేల 600. చదువుకునే కాలంల ఎక్కే మిత్తి దీని మీద అదనం. 20 వేల కిస్తును వాపస్ వచ్చి హైదరాబాద్‌ల చిన్న నౌకరీ చేసైనా కట్టొచ్చు. 55 వేల కిస్తు అట్ల కట్టలేం. బయటి దేశంల జాబ్ దొరికితేనే తీరే అప్పు, దొరకకున్నా తీరే అప్పు అని రెండు రకాలుంటయ్. ఊరి పిల్లలు రెండో రకం అప్పుకే ఒప్పుకోవాలె. నేను చెప్పదల్చుకున్నది ఇదే, మిగిలిందంతా దీనికి లెక్కలే.

భూమి ఉన్నా లోన్ ఎందుకు రాదు?

‘మాకు మూడెకరాలున్నది, బ్యాంకుల పెట్టి లోన్ తీస్కుంటం’ అని చానామంది ధీమాగ ఉంటరు. బ్యాంకుకు పోయినంకనే అసలు సంగతి తెలుస్తది. ప్రభుత్వ బ్యాంకులల్ల విద్యారుణం 7.5 లక్షలు దాటితే ఆస్తి కుదువ పెట్టమంటరు. పట్టా పాస్‌బుక్ చూపెడితే మేనేజర్ ‘ఇల్లో, ప్లాటో ఉన్నదా?’ అని అడుగుతడు.

దీనికి కారణం ఉన్నది. మొండి బాకీలు వసూలు చేసుకోనీకి బ్యాంకులకు 2002ల సర్ఫేసీ చట్టం తెచ్చిన్రు. కోర్టుకు పోకుంటనే కుదువ పెట్టిన ఆస్తిని స్వాధీనం చేస్కొని అమ్ముకునే అధికారం దాంతోని వచ్చింది. కానీ ఆ చట్టం సాగు భూమికి వర్తించదు. రైతును కాపాడనీకి పెట్టిన ఆ నిబంధనే, రైతు బిడ్డకు పెద్ద విద్యారుణం రాకుండ అడ్డం పడుతున్నది. ఊర్ల ఇల్లున్నా చాలాచోట్ల దానికి బ్యాంకు అడిగే రిజిస్ట్రేషన్ కాయితాలు ఉండయ్.

అప్పుడు మూడే తొవ్వలు మిగులుతయ్. జమానతు లేకుండ ఎక్కువ మిత్తికి ఇచ్చే ప్రైవేట్ ఫైనాన్స్, ఊర్ల నూటికి రెండు రూపాల మిత్తి, లేకుంటే ఎకరం అమ్ముడు. రెండు రూపాల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. 12 లక్షలు తెస్తే నెలకు 24 వేలు ఒక్క మిత్తికే పోతయ్. అసలు అట్లనే ఉంటది. అందుకే దేశం చూస్కునుడు కన్నా ముందు బ్యాంకు మెట్లెక్కాలె. మనకు ఎంత లోన్ పుడుతదో తెలిసినంక, ఆ పైసలల్ల ఒదిగే దేశం ఎతకాలె. ఇప్పుడు నడుస్తున్నది దీనికి ఉల్టా. సీటు తెచ్చుకొని, డిపాజిట్ కట్టి, ఆఖరుకు లోన్ కోసం ఉరుకుతున్నరు.

నాలుగు పెద్ద దేశాలు

అమెరికాల మామూలు స్టేట్ యూనివర్సిటీల సుత మాస్టర్స్‌కు ఫీజు, బతుకు ఖర్చు కలిపి 40 లక్షలు దాటుడు మామూలే. అక్కడ స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్ లోపటనే పని చేయాలె. బయట గ్యాస్ స్టేషన్‌ల, హోటల్‌ల దొంగతనంగ చేస్తే వీసా హోదాకే ముప్పు. చదువు అయినంక ఏడాది, సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులకు ఇంకో రెండేండ్లు పని చేసే వీలున్నది. ఆ తర్వాత హెచ్1బీ లాటరీ. 2025 సెప్టెంబర్‌ల కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించినప్పటి సంది ఆ తొవ్వ మీద భరోసా ఇంకింత తగ్గింది. పెద్ద అప్పు, లాటరీ మీద ఆశ ఒక్కకాడ పెట్టుకునుడు రైతు ఇంటికి పనికొచ్చే ముచ్చట కాదు.

యూకేల మాస్టర్స్ ఏడాదిల అయితది, అది లాభమే. కానీ ట్యూషన్ బరువు. దానికి తోడు ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జ్ ముందే కట్టాలె. చదువు అయినంక ఉండనిచ్చే కాలాన్ని రెండేండ్ల నుంచి 18 నెలలకు తగ్గిస్తున్నరు, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేటోళ్లకు అది వర్తిస్తది. కెనడాల బతుకు ఖర్చు కింద చూపాల్సిన సొమ్మును 2025 సెప్టెంబర్ నుంచి 22,895 కెనడా డాలర్లకు పెంచిన్రు. ఆస్ట్రేలియాల స్టూడెంట్ వీసా ఫీజే 2,000 ఆస్ట్రేలియా డాలర్లు, అంటే లక్ష రూపాల పైమాటే. వీసా రాకుంటే ఆ లక్ష పోయినట్టే.

ఇంట్ల స్థోమత ఉన్నోళ్లకు ఈ దేశాలు సరే. భూమి మీద ఆధారపడ్డోళ్లు మాత్రం యూరప్ దిక్కు చూడాలె. అయితే ‘ఫ్రీ’ అన్న మాట నమ్మి కాదు, లెక్క చూస్కొని.

జర్మనీ: ‘ఫ్రీ’ చదువుకు 25 లక్షలు

లెక్క అల్కగ ఉండనీకి యూరోకు 100 రూపాలు అనుకుందాం. మీరు కట్టేనాటికి రేటు ఎంతుంటే అంత లెక్కేస్కోవాలె.

జర్మనీల ప్రభుత్వ యూనివర్సిటీలల్ల చానామట్టుకు ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్‌కు 100 నుంచి 400 యూరోల దాంక కట్టుడు ఉంటది, చాలాచోట్ల అండ్లనే బస్సు, రైలు పాస్ వస్తది. మినహాయింపులు సుత ఉన్నయ్. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంల మన లెక్క యూరప్ బయటికెళ్లి వచ్చేటోళ్లు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలె. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహ, హైడెల్‌బర్గ్, ఫ్రైబుర్గ్ అన్ని ఆ రాష్ట్రంలయే. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 చలికాలం సెమిస్టర్ నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు పెట్టింది.

ఇగ మన నాలుగు గీతల లెక్క చూద్దాం.

పోయే పైసలు: ఐఈఎల్‌టీఎస్‌కు 18 వేల దాంక అయితది. మన సర్టిఫికెట్లు అసలువని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు ఇంకో 18 వేలు. 2022 నవంబర్ నుంచి ఇది లేకుండ స్టూడెంట్ వీసాకు దరఖాస్తే పెట్టనియ్యరు. యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా ఐదు యూనివర్సిటీలకు పెడితే మొదటిదానికి 75, మిగిలినవాటికి 30 చొప్పున 195 యూరోలు. వీసా ఫీజు 75 యూరోలు. మొత్తం కలిపి 65 వేల ఆసుపాసు. కాదన్నా నష్టం ఇంతే. ఆస్ట్రేలియాల ఒక్క వీసా ఫీజు కన్నా ఇది తక్కువ.

ఆగే పైసలు: బ్లాక్డ్ అకౌంట్‌ల ఏడాదికి 11,904 యూరోలు, అంటే 12 లక్షల దగ్గర పెట్టాలె. అక్కడికి పోయినంక నెలకు 992 యూరోల చొప్పున మీకే ఇస్తరు. వీసా రాకుంటే కాయితం చూపెట్టి వాపస్ తీస్కోవచ్చు, సర్వీసు చార్జీలే పోతయ్.

కరిగే పైసలు: నెలకు 992 చొప్పున రెండేండ్లకు 23,808 యూరోలు. సెమిస్టర్ ఫీజులు కలిపితే 25 లక్షలు. ‘ఫ్రీ’ చదువు అసలు ధర ఇది. టికెట్‌కు, రూమ్ డిపాజిట్‌కు ఇంకో లక్షన్నర, రెండు లక్షలు పక్కకు పెట్టుకోవాలె. అద్దె డిపాజిట్ మూడు నెలల కిరాయి దాంక అడగొచ్చు.

ఇండ్ల ఎంత సంపాదించుకోవచ్చు? ఏడాదికి 140 పూర్తి రోజులు లేకుంటే 280 సగం రోజులు పని చేయనిస్తరు. కనీస కూలి 2026 జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు. పని దొరికినంక నెలకు 600 యూరోలు చొప్పున 15 నెలలు సంపాదిస్తే 9 లక్షలు. అప్పుడు ఇంటి మీద పడేది 16 లక్షల దగ్గరికి దిగుతది. కిస్తు లెక్క చూస్తే తట్టుకునే అప్పు ఇది.

కానీ మూడు సంగతులు రీల్స్‌ల చెప్పరు. మొదటిది, భాష. క్లాసులు ఇంగ్లిష్‌ల ఉన్నా దుకాణంల పని కావాలన్నా, చదువు అయినంక జాబ్ కావాలన్నా జర్మన్ రావాలె. చదువు అయినంక జాబ్ ఎతుక్కోనీకి 18 నెలలు ఇస్తరు. భాష రాకుంటే ఆ 18 నెలలు ఊర్కెనే కరుగుతయ్. బీ1, బీ2 లెవల్ దాంక నేర్సుకునే ఓపిక లేకుంటే జర్మనీ చవక దేశం కాదు. మన దగ్గర ఉన్నప్పుడే ఏ1, ఏ2 అయిపోగొట్టుకోవాలె.

రెండోది, మార్కులు. జర్మనీల 1 అంటే మంచి గ్రేడ్, 4 అంటే బొటాబొటి పాస్. పాస్ మార్కు 40 ఉన్నకాడ మనోళ్లకు 70 శాతం వస్తే అక్కడి లెక్కల 2.5 అయితది. చాలా మంచి కోర్సులు 2.5 దాంకనే తీస్కుంటయ్. డిగ్రీల చదివిన సబ్జెక్టుకే మాస్టర్స్ కలవాలె. మెకానికల్ చదివి డేటా సైన్స్‌కు పోతనంటే కష్టం. ఇంటర్ అయిపోంగనే బీటెక్‌కు పోతనన్నా మామూలుగ కుదరదు. ఇక్కడ ఒక ఏడాది డిగ్రీ చదివో, అక్కడ స్టూడియన్‌కోలెగ్ అనే ఏడాది తయారీ కోర్సు చేసో చేరాలె.

మూడోది, టైమ్. రెండేండ్ల కోర్సును చాలామంది రెండున్నర, మూడేండ్లల్ల పూర్తి చేస్తరు. చాలా యూనివర్సిటీలల్ల ఒక్క పరీక్ష మూడుసార్లు తప్పితే కోర్సు నుంచే తీసేస్తరు. రాత్రిళ్లు పని, పొద్దుగాల నిద్ర అనే పద్ధతి అక్కడ నడవదు. ఊరు సుత చూస్కోవాలె. మ్యూనిక్‌ల కిరాయి పెట్టే పైసలతోని కెమ్నిట్జ్, మాగ్డెబుర్గ్, ఇల్మెనావు అసొంటి చిన్న పట్టణాలల్ల కిరాయి కట్టి తిండి సుత ఎల్లదీయొచ్చు.

ఇటలీ: ఇంటి ఆమ్దానీ తక్కువైతే ఫీజు తక్కువ

ఇటలీ ప్రభుత్వ యూనివర్సిటీలల్ల ఫీజు ఇంటి ఆదాయం, ఆస్తి చూసి వేస్తరు. అందుకే చిన్న రైతు బిడ్డకు ఈ దేశం పనికొస్తది. మన ఇంటి లెక్కను వాళ్ల పద్ధతిల ‘ఐసీ పరిఫికాటో’ అనే కాయితంగ మార్చి చూపాలె. ఆదాయం తక్కువున్నోళ్లకు ట్యూషన్ మొత్తం మాఫీ అయ్యి ఏడాదికి 150 యూరోల ఆసుపాసు పన్నే మిగలొచ్చు. అదే కాయితంతోని అక్కడి ప్రాంతీయ ప్రభుత్వాల స్కాలర్‌షిప్‌కు పెట్టుకోవచ్చు. దొరికితే కొన్ని వేల యూరోలు, హాస్టల్, క్యాంటీన్‌ల తిండి వస్తయ్.

దీనికి తహసీల్దార్ ఇచ్చే ఆదాయ సర్టిఫికెట్, భూమి కాయితాలు, బ్యాంకు నిల్వలు అన్నీ సరిగ్గ ఉండాలె. తర్జుమాలు చేయించాలె, ముద్రలు ఏపియ్యాలె. నెలల పని ఇది, గడువు దాటితే ఏడాది పోయినట్టే. ఇంకో మాట. స్కాలర్‌షిప్ పైసలు పోయినంక విడతలుగ వస్తయ్. మొదటి ఐదారు నెలలకు ఇంట్లకెళ్లే తీస్కపోవాలె. మొదటి ఏడాది చెప్పినన్ని క్రెడిట్లు రాకుంటే ఆపుతరు, ఇచ్చింది వాపస్ కట్టమని సుత అడుగుతరు. జాబ్ మార్కెట్ జర్మనీ అంత పెద్దది కాదు, ఇటాలియన్ రాకుంటే ఇంకింత కష్టం. కాబట్టి తక్కువ అప్పుతోని మంచి డిగ్రీ కావాలనేటోళ్లకు ఇటలీ సరే. అక్కడనే ఉండిపోవాలనేటోళ్లు భాష మీద ముందే కూసోవాలె.

ఫ్రాన్స్ ఈ రెండిటి నడుమ ఉంటది. ప్రభుత్వ యూనివర్సిటీల మాస్టర్స్‌కు ఏడాదికి 3,900 యూరోల దగ్గర. ప్రైవేట్ బిజినెస్ స్కూళ్ల ఫీజులు దీనికి ఎన్నో రెట్లు ఉంటయ్. ఫ్రాన్స్ అంటే ఏదో ఒకటే అనుకోవద్దు.

కన్సల్టెన్సీ ‘ఫ్రీ’ ఎందుకంటే..

అడ్తిదారు ఎవని దగ్గర కమీషన్ తీస్కుంటే వాని సరుకే మంచిదంటడు. ఇది మన మార్కెట్ యార్డుల చూసిందే. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీ ఫీజే తీస్కోదు, ఇగ కమీషన్ ఎక్కడికెళ్లి ఇస్తది? అందుకే ‘మీ మార్కులకు పబ్లిక్‌ల రాదు, ప్రైవేట్‌ల పెడదాం’ అంటరు. జర్మనీల ప్రైవేట్ యూనివర్సిటీకి ఏడాదికి 10 లక్షలు, ఆ పైన పెడితే చవక దేశం అన్న మాటకు అర్థమే లేదు. అట్ల చెప్తే జర్మనీ ప్రభుత్వ నిధులతోని నడిచే డీఏఏడీ వెబ్‌సైట్‌ల కోర్సులు ఎవలికైనా ఫ్రీగ కనిపిస్తయ్. పబ్లిక్‌నా ప్రైవేట్‌నా, ఫీజెంత, క్లాసులు క్యాంపస్‌లనా ఆన్‌లైన్‌లనా అన్నీ ఉంటయ్. సొంతంగ చూస్కోవాలె.

ఇంకో ఉచ్చు ఉన్నది. ‘బ్లాక్డ్ అకౌంట్ పైసలు మేమే పెడ్తం, మిత్తి ఇయ్యి చాలు’ అంటరు. అక్కడికి పోయినంక నెలనెలా వచ్చే 992 యూరోలు వాళ్లే తీస్కుంటరు. కొత్త దేశంల పని లేక, చేతిల రూపాయి లేక ఎట్ల బతుకుతరు? దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టినా అంతే, పట్టుబడితే ఆ దేశం తొవ్వ మూసుకపోయినట్టే.

సర్కారు సాయం

తెలంగాణల ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నయ్. ఇంటి ఆదాయం 5 లక్షల లోపు ఉండాలె, 20 లక్షల దాంక సాయం వస్తది. ఈపాస్ పోర్టల్‌ల దరఖాస్తు పెట్టాలె. మీరు పోయే దేశం జాబితాల ఉన్నదా అని నోటిఫికేషన్‌ల చూసినంకనే సీటు ఖాయం చేస్కోవాలె. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలకు, సంచార జాతులకు, భూమి లేని కూలీల పిల్లలకు వర్తిస్తది. ఆదాయ పరిమితి 8 లక్షలు.

అయితే ఈ పైసలు పోకముందు చేతికి రావు. విడతలుగ వస్తయ్, ఆలస్యమైన సందర్భాలు సుత ఉన్నయ్. సర్కారు సాయాన్ని అప్పు తీర్చే పైసలుగ లెక్కేస్కోవాలె తప్ప, బ్లాక్డ్ అకౌంట్‌ల పెట్టే పైసలుగ కాదు. పేద పిల్లలకు సాయం చేయాల్సింది పోకముందే కదా? బ్యాంకుకు సర్కారే జమానతు ఉంటే, సాగు భూమి అడ్డంకి అక్కడనే పోతది. దీని మీద ఊరి యువత గట్టిగ అడగాల్సిన అవసరం ఉన్నది.

పోవద్దని ఎప్పుడనుకోవాలె?

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ.. కాయితం మీద నాలుగు గీతల లెక్క రాసినంక ఇంట్ల అందరిని కూసోబెట్టుకొని చదివి చెప్పాలె. నాయినకు, అమ్మకు కిస్తు ఎంతనో తెలియాలె. జాబ్ రాకుంటే ఎవలు కడుతరో అప్పుడే మాట్లాడుకోవాలె. ఈ మాట ఎత్తనీకి భయమైతుందంటే ఆ అప్పు మీ ఇంటికి ఎక్కువైందని అర్థం.

ఒక ఏడాది ఆగుడు ఓడిపోవుడు కాదు. ఆ ఏడాదిల భాష నేర్సుకోవచ్చు, చిన్న నౌకరీ చేసి రెండు లక్షలు వెనకేస్కోవచ్చు, కాయితాలు తయారు చేస్కోవచ్చు. దోస్తులు పోతున్నరని, పక్కింట్ల పోరడు ఫొటోలు పెట్టిండని ఆగమాగం పోయేటోళ్ల కన్నా ఏడాది ఆగి పోయేటోళ్లే అక్కడ నిలబడుతరు. ఇదివరకు మనోళ్లు గల్ఫ్‌కు పోయేటప్పుడు ఏజెంట్ చెప్పిందే నమ్మి, అప్పు చేసి పోయి ఎన్ని తిప్పలు పడ్డరో ఊర్లల్ల తెల్వనోళ్లు లేరు. ఇప్పుడు చేతిల ఫోన్ ఉన్నది, చదువున్నది. ఏ దేశం ఎంత అడుగుతదో ఆ దేశం వెబ్‌సైట్‌లనే చూస్కోవచ్చు. అందుకే కన్సల్టెన్సీ గడప తొక్కకముందు, ఆ కాయితం తీస్కొని బ్యాంకు గడప తొక్కాలె.